అచ్చు తప్పిన కాసు

మా మేనమామ బాలానగర్‌లో ఒక ప్రెస్ టూల్ వర్క్‌షాపులో డై మేకరుగా పనిచేసి రిటైరయ్యాడు. లోహం మీద అచ్చు ఎలా పడుతుందో, ఎక్కడ తప్పుతుందో ఆయన వేళ్లకు తెలుసు. మా చెల్లి నాణేలు సేకరిస్తుంది. మొదట్లో నిజాం కాలపు రాగి నాణేల మీద మోజు ఉండేది. ఇప్పుడు దాని మనసు టంకశాలలో ముద్ర తప్పి బయటికొచ్చిన మామూలు చిల్లర మీదకు మళ్లింది. తప్పుకు ధర కట్టడమేమిటని మామయ్యకు ఒళ్లుమంట. ఇద్దరూ పని తెలిసి మాట్లాడేవాళ్లే కాబట్టి, వాళ్ల వాదనను వీలైనంత వరకు వాళ్ల మాటల్లోనే పెడుతున్నాను.

మామయ్య: ఇదేమిటమ్మాయ్? రూపాయి బిళ్ల మీద సింహాలు సగమే ఉన్నాయి, మిగతాదంతా బోడిగా ఉంది.

చెల్లి: బిళ్ల కుదురుగా కూర్చోకముందే దెబ్బ పడింది మామయ్యా.

మామయ్య: అది నాకు చెప్పాలా! కింద ఒక డై, పైన ఒక డై, చుట్టూ కాలర్. బిళ్ల కాలర్‌లో కూర్చున్నాకే పై డై దిగాలి. ఫీడ్ కొంచెం వెనకబడితే ఇదిగో, ఇలా పక్కకు కొడుతుంది. మా షాపులో ఇలాంటి పీసు ఒక్కటి కనబడితే ప్రెస్ ఆపించేవాణ్ణి. పీసు స్క్రాప్‌లోకి, ఆపరేటరు నా ముందుకి. స్క్రాప్ డబ్బాలోంచి ఏరి డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లను మాత్రం ఇప్పుడే చూస్తున్నా. ఎంత పెట్టావు?

చెల్లి: కొన్ని వందలు.

మామయ్య: రూపాయికా! శుభ్రంగా కొట్టిన రూపాయికి రూపాయి, చెడగొట్టిన రూపాయికి వందలు. డై చెక్కినవాడు, ప్రెస్ నడిపినవాడు, తనిఖీ చేసినవాడు, వీళ్లంతా సరిగ్గా చేసిన పనికి మీ దగ్గర విలువ లేదన్నమాట.

చెల్లి: వాళ్లు అంత సరిగ్గా చేయబట్టే దీనికి విలువ వచ్చింది. టంకశాలలో పని ఎలా సాగుతుందో చూడు. రేకులోంచి బిళ్లలు కత్తిరిస్తారు, కాల్చి మెత్తబరుస్తారు, అంచు లేపుతారు, కడుగుతారు, ఆ తర్వాతే ముద్ర. మధ్యలో జల్లెడలు, తూకాలు, లెక్కలు. తప్పు పడ్డవి మళ్లీ కొలిమికే. ఇంత కట్టుదిట్టం లేని రోజుల్లో తప్పుకు గొప్పే లేదు. మొఘలుల రూపాయి చేత్తో సుత్తి దెబ్బకు పుట్టింది. ఏ రెండూ ఒకలా ఉండవు, పేరు సగం పక్కకు పోయినవే ఎక్కువ. వాటిలో ముద్ర పక్కకు పోతే ధర తగ్గుతుంది కానీ పెరగదు. యంత్రం వచ్చి అన్నిటినీ ఒకే పోత చేశాకే తేడా పడిన నాణేన్ని జనం ఆగి చూడడం మొదలుపెట్టారు.

మామయ్య: కాపలా దాటి వచ్చింది కాబట్టి గొప్పదంటావు. దొంగ కూడా కాపలా దాటే వస్తాడు. సరే, సరిగ్గా ఇంతే పక్కకు జరిగినది, ఇదే ఏడాదిది, ఇంకోటి ఉంటుందా?

చెల్లి: ఉండకపోవచ్చు.

మామయ్య: లోకంలో ఒకే ఒక్కటి, దానికి వందలేనా? అరుదుగా దొరకడమే లెక్కయితే దీనికి కోట్లు పలకాలి కదా.

చెల్లి: అరుదు ఒక్కటే చాలదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. అమెరికాలో 1955 నాటి సెంటు నాణెం ఒకటుంది, లింకన్ బొమ్మది. ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టారు. ఏడాది అంకెలు, లిబర్టీ అన్న మాట, పైనున్న వాక్యం, అన్నీ రెండేసిసార్లు కనబడతాయి. కళ్లజోడు తీసేసి చదువుతున్నట్టుంటుంది. అలాంటివి ఇరవై వేల పైచిలుకు బయటికొచ్చాయని అంచనా. అయినా బాగా అరిగిపోయినదానికి కూడా వెయ్యి డాలర్లకు అటూ ఇటూ పలుకుతుంది.

మామయ్య: ఇరవై వేలు ఉన్నదానికి వెయ్యి డాలర్లు, ఒక్కటే ఉన్నదానికి వందల రూపాయలు. నీ వాదనను నువ్వే కొట్టేసుకున్నావు.

చెల్లి: ఆ అంకెలు రెండుసార్లు ఎందుకు పడ్డాయో ముందు నువ్వు చెప్పు.

మామయ్య: ఒకే బిళ్లకు ప్రెస్ రెండు దెబ్బలు వేసి ఉంటుంది.

చెల్లి: కాదు. వెనకవైపు ముద్ర మామూలుగానే ఉంది. లింకన్ తల కూడా చెదరలేదు.

మామయ్య: అయితే తప్పు ప్రెస్‌లో లేదు, డైలోనే ఉంది. వాళ్లు హబ్‌తో డై తీసేవాళ్లా?

చెల్లి: అవును.

మామయ్య: ఇక తెలిసింది. హబ్ మీద బొమ్మ నాణెం మీద ఉన్నట్టే ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని ఉక్కు దిమ్మలోకి నొక్కితే గుంటగా దిగుతుంది, అదే డై. ఒక్క నొక్కుతో లోతు రాదు. నొక్కేకొద్దీ ఉక్కు బిగుసుకుపోతుంది. బయటికి తీసి, కొలిమిలో పెట్టి మెత్తబరిచి, మళ్లీ అదే చోట నొక్కాలి. రెండోసారి పెట్టినప్పుడు వెంట్రుకవాసి తిరిగినా చాలు, నడిమధ్యలో తేడా తెలియదు, అంచుకు పోయేకొద్దీ గీత పక్కన గీత పడుతుంది. అందుకే తల బాగుంది, అక్షరాలు చెదిరాయి. ఆ డైని పాస్ చేసినవాడు భూతద్దం పెట్టి ఒక్కసారి చూసినా దొరికేది.

చెల్లి: చూశావా, నాణేన్ని చూడకుండానే అది పుట్టిన గది దాకా వెళ్లావు. ఆ డై కొట్టిన ప్రతి సెంటు మీదా అదే గుర్తు, అదే చోట ఉంటుంది. అందుకే దానికి ఒక పేరు పెట్టగలిగారు, కేటలాగులో ఎక్కించగలిగారు, ఆల్బమ్‌లో దానికో గడి కేటాయించారు. గడి ఖాళీగా ఉంటే సేకరించేవాడికి నిద్ర పట్టదు. నా సగం సింహాల రూపాయికి గడి లేదు. అలాంటివి వేలకొద్దీ ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కోలా. దాన్ని ఇష్టపడేవాళ్లు ఉంటారు, దాని కోసమే వెతికేవాళ్లు ఉండరు.

మామయ్య: ఇరవై వేలు బయటికెలా పోయాయి? ఎవరూ చూడలేదా?

చెల్లి: చూశారు. అప్పటికే లక్షల మంచి సెంట్లలో కలిసిపోయాయి. విడదీయాలంటే అన్నీ కరిగించాలి, సెంట్లకేమో అప్పుడు గిరాకీ ఎక్కువ. వదిలేశారు. చాలావరకు సిగరెట్ పెట్టెల్లో దొరికాయి. మెషిన్‌లో పావు డాలరు వేస్తే 23 సెంట్ల పెట్టె వచ్చేది, మిగతా రెండు సెంట్లు పెట్టె మీది పల్చటి కాగితం లోపలే పెట్టి ఉంచేవాళ్లు.

మామయ్య: తెలిసి వదిలేశారా? అది ఇంకా అన్యాయం.

చెల్లి: ఇంకో సంగతి విను. అదే 1955లో ఇంకో రకం సెంటు ఉంది. చివరి 5 మాత్రమే చెదిరినట్టుంటుంది. అది డై అరిగిపోవడం వల్ల వచ్చింది, హబ్ తిరగడం వల్ల కాదు. దాన్ని పేదవాడి డబుల్ డై అంటారు. ఒకట్రెండు డాలర్లకు దొరుకుతుంది. రెండిటిలోనూ అంకె చెదిరినట్టే ఉంటుంది, పుట్టుక వేరు. ధర పుట్టుకకే.

మామయ్య: సరే, పుట్టుక. మరి వాట్సాప్‌లో రోజూ వచ్చేవో? వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల బిళ్ల ఉంటే లక్షలట. మా వీధిలో ఒకావిడ దేవుడి గదిలో దాచింది. ఇదంతా మీలాంటివాళ్లు పుట్టించిన పిచ్చే.

చెల్లి: ఆ బిళ్లలో తప్పేమీ లేదు మామయ్యా. 2012లో స్మారకంగా లెక్కలేనన్ని వేశారు. దానికి లక్షలిస్తామనేవాడు ముందు రిజిస్ట్రేషన్ ఫీజని, తర్వాత ట్యాక్సని మన దగ్గరే గుంజుతాడు. తమ పేరూ లోగో వాడుకుని పాత నాణేలు కొంటామంటూ కమిషన్లు అడుగుతున్నారని, నమ్మవద్దని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది. నిజంగా కొనేవాడు మన దగ్గర ఫీజు తీసుకోడు.

మామయ్య: గాలి కబుర్లకు మూలం మీ ధరలే అంటున్నా.

చెల్లి: గాలి కబుర్లు ఎప్పుడూ ఉన్నాయి. 1943లో యుద్ధానికి రాగి కావాలని అమెరికా సెంట్లను జింకు పూసిన ఉక్కుతో కొట్టింది. పాత కంచు బిళ్లలు కొన్ని తొట్ల సందుల్లో ఇరుక్కుని మిగిలి, ఉక్కు బిళ్లలతో పాటు ప్రెస్‌లోకి వెళ్లాయంటారు. ఇరవై చిల్లర మాత్రమే దొరికాయి. వెంటనే ఏం పుకారు లేచిందో తెలుసా? అలాంటి సెంటు తెచ్చినవాళ్లకు ఫోర్డ్ కంపెనీ కొత్త కారు ఇస్తుందని! 1947లో మసాచుసెట్స్‌లో ఒక బడిపిల్లవాడికి క్యాంటీన్ చిల్లరలో నిజంగానే ఒకటి దొరికింది. కారు సంగతి అడిగితే అబద్ధమన్నారు. ఖజానా శాఖను అడిగితే 1943లో కొట్టినవన్నీ ఉక్కువేనని జవాబొచ్చింది. అయినా అతను జీవితాంతం దాచుకున్నాడు. అతను పోయాక 2019లో వేలం వేస్తే 2,04,000 డాలర్లు వచ్చాయి. డెన్వర్‌లో కొట్టింది ఒక్కటే తెలిసి ఉంది, అది 2010లో 17 లక్షల డాలర్లకు పోయింది.

మామయ్య: 17 లక్షలంటే ఊరుకుంటారా? ఉక్కు సెంటుకు రాగి పూత పూసి అమ్మేవాళ్లు పుట్టుకొస్తారు.

చెల్లి: పుట్టారు. అయస్కాంతం పెడితే దొరికిపోతారు, లోపల ఉక్కే కదా. తూకంలోనూ తేడా వస్తుంది. ఉక్కుది 2.7 గ్రాములు, కంచుది 3.11. ఇంకొందరు 1948 సెంటులో 8ని గీకి 3 చేశారు.

వాళ్ల మధ్య నాదొక మాట. మన దగ్గర తేడా కనబడితే జనం ముందు భయపడతారు. తెలుగు ఊళ్లలో 10 రూపాయల బిళ్లకు పట్టిన గతి చూశాం. ఒకదాని మీద పది కిరణాలు, ఇంకోదాని మీద పదిహేను, ఒకదాని మీద రూపాయి గుర్తు ఉంది, ఇంకోదాని మీద లేదు అని కిరాణా కొట్టువాళ్లు, ఆటోవాళ్లు తీసుకోవడం మానేశారు. మొత్తం 14 రకాలు ఉన్నాయి, అన్నీ చెల్లుతాయి అని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పినా చాలాచోట్ల అనుమానం పోలేదు. అవి టంకశాల తప్పులు కావు, ఏడాదికో తీరున కావాలని మార్చిన బొమ్మలు. తేడాను చూసి ఇది ఎలా వచ్చింది అని అడిగే అలవాటు మనకు లేకపోవడం వల్లే ఒకే వీధిలో ఒకరు మంచి బిళ్లను చెల్లదని తోసేస్తారు, ఇంకొకరు మామూలు బిళ్లను దేవుడి గదిలో పెడతారు. ఆ ప్రశ్న అడుగుతుంది కాబట్టే మా చెల్లి పక్షాన నిలబడతాను.

మామయ్య: పూత సంగతి అయస్కాంతం చెబుతుంది. డై తప్పును దొంగచేత్తో చేస్తే?

చెల్లి: దానికి నీలాంటివాళ్లు కావాలి. 1937లో డెన్వర్‌లో కొట్టిన అయిదు సెంట్ల నాణెం మీద అడవిదున్నకు మూడే కాళ్లు.

మామయ్య: నాలుగోది ఏమైంది?

చెల్లి: బిళ్ల పడకుండా ప్రెస్ దిగితే రెండు డైలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి కదా. ఆ మచ్చ పోగొట్టడానికి పనివాడు డైని రుద్దాడు.

మామయ్య: కాలు పోయేదాకా రుద్దాడా! మచ్చ పడ్డ డైని మార్చాలి, టైం కలిసొస్తుందని ఎమరీ పట్టకూడదు. కాలు అంటే డైలో లోతు తక్కువ ఉన్న చోటు. చుట్టూ అరగదీస్తే ముందు పోయేది అదే.

చెల్లి: ఇప్పుడు దొంగ సంగతి. మామూలు నాణెం తీసుకుని కాలు గీకేస్తారు. ఎలా పడతావు?

మామయ్య: ఇందులో ఆలోచించడానికేముంది? డైలో గుంట పడితే నాణెం మీద బుడిపె వస్తుంది. నాణేన్ని గీకితే గుంటే వస్తుంది, బుడిపె రాదు. ఎక్కువ రుద్దిన డై మీద ఎక్కడో ఒకచోట చిన్న చిన్న గుంటలు మిగిలి ఉంటాయి.

చెల్లి: అసలుదాంట్లో దున్న పొట్ట కింది నుంచి నేలదాకా సన్నటి చుక్కలు వరసగా ఉబ్బి ఉంటాయి. నకిలీలో ఉండవు. ఇంకో బిళ్ల తెచ్చాను, ఇదీ చూడు. కొనలేదు, నీకు చూపించాకే అని షాపతనికి చెప్పి తెచ్చాను. అల్యూమినియం పది పైసలు. రెండు వైపులా సింహాలే. ఒకవైపు ఉబ్బెత్తుగా, ఇంకోవైపు గుంటగా, కుడిఎడమలు తారుమారై ఉన్నాయి. కొట్టిన నాణెం ఊడిరాకుండా పై డైకే అతుక్కుపోతే, తర్వాత వచ్చిన బిళ్ల మీద ఆ నాణెం బొమ్మే గుంటగా దిగుతుందట. బ్రోకేజ్ అంటారు.

మామయ్య: భూతద్దం ఇటివ్వు. ఊ. ఈ గుంట సింహాల అడుగున చూడు, పక్కగా వెలుతురు పడేట్టు పట్టుకో. 10 అంకె ఛాయ కనబడుతోందా?

చెల్లి: సన్నగా కనబడుతోంది.

మామయ్య: ఈ వైపు అచ్చు ముందే సరిగ్గా పడింది. దాని మీద ఇంకో పది పైసల బిళ్ల పెట్టి బెంచి వైస్‌లో బిగించారు. ప్రెస్‌లోనే రెండో దెబ్బ తగిలిందందామా, అయితే రెండోవైపు సింహాలు కూడా డై దెబ్బకు పదునుగా ఉండాలి. చూడు, చదునుగా అణిగిపోయాయి. అది డై చేసిన పని కాదు, వైస్ దవడ చేసింది. అంచు వంపులు కూడా బయటికి పొంగాయి. కాలర్ లోపల ఉంటే పొంగడానికి చోటెక్కడిది? తిరిగిచ్చెయ్.

చెల్లి: రైలు పట్టా మీద పెట్టి నలిపిన పైసాకూ దీనికీ తేడా లేదన్నమాట. బయటికొచ్చాక తగిలిన దెబ్బ.

మామయ్య: తేడా ఉంది. పట్టా మీద పెట్టినవాడు చిన్నపిల్లాడు, వీడు మోసగాడు. అందుకే అంటున్నా, తప్పుకు ధర పెడితే తప్పులు తయారుచేసేవాళ్లు పుడతారు. బయటివాళ్ల సంగతి సరే, లోపలివాళ్లే చేస్తే? వైస్‌తో పనిలేదు, అసలు డై, అసలు ప్రెస్ చేతిలోనే ఉంటాయి. అప్పుడు నా భూతద్దం కూడా ఏమీ చెప్పలేదు.

చెల్లి: ఆ మాట నిజం. 1913 నాటి లిబర్టీ అయిదు సెంట్ల నాణేలు అయిదే ఉన్నాయి. ఆ ఏడాది ఆ బొమ్మతో కొట్టమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. 1919 చివర్లో ఒకాయన అవి ఎవరి దగ్గరున్నా కొంటానని నాణేల పత్రికలో ప్రకటన వేశాడు, మరుసటేడు తనే తెచ్చి చూపించాడు. అంతకుముందు ఆయన ఫిలడెల్ఫియా టంకశాల ఉద్యోగి. 2018లో వాటిలో ఒకటి 45 లక్షల డాలర్లు దాటింది.

మామయ్య: మరి! గవర్నమెంటు సొమ్ముతో, గవర్నమెంటు ప్రెస్ మీద.

చెల్లి: దాన్ని నేను సమర్థించను. అది తప్పు పడిన నాణెం కాదు, తప్పుడు నాణెం. ఎవరూ అనుకోకుండా పుట్టి, చిల్లరలో కలిసి నలుగురి చేతులూ మారి దొరికిందే నాకు కావాలి. ఈ విషయంలో బ్రిటన్ టంకశాల నాకు నచ్చింది. 2008లో నాణేల వెనకవైపు బొమ్మలు మార్చారు. 20 పెన్స్ మీద ఏడాది అంకెలు అంతవరకు వెనకవైపు ఉండేవి, వాటిని రాణి బొమ్మ వైపుకు జరిపారు. కొన్నిటికి వెనక కొత్త డై, ముందు పాత డై బిగించారు. ఏడాదే లేని నాణేలు బయటికొచ్చాయి. టంకశాల దాచకుండా ఒప్పుకుంది, ఎన్ని ఉండొచ్చో అంచనా చెప్పింది, 20 పెన్స్‌గా చెల్లుతాయనీ చెప్పింది. లక్షకు అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి ధర కూడా ఆకాశానికి పోలేదు.

మామయ్య: రెండు డైలు బిగించేటప్పుడు జత చూసుకోలేదు. సెటప్ తప్పు. మొదటి పీసు తీసి చూస్తే తెలిసేది.

చెల్లి: నీకొక ప్రశ్న. 1955లో ఫిలడెల్ఫియాలో తనిఖీ అధికారివి నువ్వే అనుకో. ఇరవై వేలు లక్షల మంచివాటిలో కలిసిపోయాయి. ఏం చేస్తావు?

మామయ్య: మొత్తం కరిగిస్తా.

చెల్లి: మంచివాటితో సహా?

మామయ్య: మంచివాటితో సహా. తెలిసి ఒక్కటి కూడా గేటు దాటనివ్వను. డై పాస్ చేసినవాణ్ణి పిలిచి రెండో నొక్కు ఎలా పెట్టాడో నా ముందు పెట్టించి చూస్తా. ఒక్క పీసు మాత్రం ఉంచుతా. మా షాపులోనూ అలా ఒక బోర్డు ఉండేది. పగిలిన పంచ్, పక్కకు పోయిన కప్పు, బర్ లేచిన వాషర్, అన్నీ వైరుతో కట్టి ఉండేవి. కొత్తగా చేరిన కుర్రాళ్లకు ముందు ఆ బోర్డే చూపించేవాణ్ణి.

చెల్లి: లోకంలో మిగిలింది ఆ ఒక్కటే అవుతుంది మామయ్యా. ఎంతకిస్తావు నాకు?

మామయ్య: ఇవ్వను. అది స్క్రాప్ రిజిస్టరులో నంబరుతో ఎక్కి ఉంటుంది.